బలానికి కొలమానం ఎవరిది?
ఐలమ్మ చరిత్ర, శ్రామిక కులాల ఆడోళ్లు

చిట్యాల చుట్టుపక్కల ఊర్లలో ఒక ఆడమనిషిని మెచ్చుకోవాలంటే జనం నోట వచ్చే మాట ఒకటుంది. "ఆమె ఆడది గాదు, మొగోడే." మొగుడు సచ్చినంక పిల్లల్ని సాదుకున్నామెను, పంచాయితీల నిలబడి మాట్లాడినామెను, బాకీకొచ్చినోన్ని వాకిట్లనే నిలదీసినామెను అందరినీ ఈ ఒక్క మాటతోనే మెచ్చుకుంటరు. అదే నోటితో, చేతగాని మొగోన్ని తిట్టాలంటే "గాజులు తొడుక్కో" అంటరు. బలం వస్తే ఆడది మొగోడైతది. బలం పోతే మొగోడు ఆడదైతడు. అంటే బలం ముందే మొగోని పేరు మీద పట్టా అయి ఉన్నది. ఆడది దాన్ని కౌలుకు తీసుకోవాల్సిందే.

ఆడమనిషి బలంగా నిలబడాలంటే మొగోని మొరటుతనం అరువు తెచ్చుకోవాలా అనేది ఈ వ్యాసం అడుగుతున్న ప్రశ్న. దీన్ని గాలిలో చర్చించడం కంటే నల్లగొండ నేల మీద జరిగిన చరిత్రలో పెట్టి చూడటం మేలు. ఎందుకంటే 'వీరనారి' అనంగనే ఇవాళ తెలంగాణలో ఎక్కువమందికి గుర్తొచ్చే మనిషి ఆ చరిత్ర నుంచే వచ్చింది.

ఇంటిపేరు చిట్యాల

చిట్యాల ఐలమ్మ పేరు వినంగనే హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీది చిట్యాలే ఆమె ఊరు అనుకునేవాళ్లు ఉన్నారు. కాదు. చిట్యాల ఆమె అత్తగారి ఇంటిపేరు. ఆమె పుట్టింది వరంగల్ దిక్కు రాయపర్తి మండలం కృష్ణాపురంలో, 1895లో. బతుకంతా గడిచింది పాలకుర్తిలో. అయినా ఆమె కథ నల్లగొండ కథే. నిజాం కాలంలో పాలకుర్తి, విసునూరు, కడవెండి ఊళ్లున్న జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. చిట్యాలకు దగ్గర్లోని భువనగిరిలో 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత ఆ సంస్థ చదువుకున్నోళ్ల చేతుల్లోంచి కూలీల, కౌలుదార్ల మధ్యకు వచ్చింది. జనం దాన్ని 'సంగం' అన్నారు. ఐలమ్మ ఆ సంగంలో మనిషి.

ఐలమ్మ కులం చాకలి. ఇవాళ్టి లెక్కల్లో బిసి. మాల మాదిగల అంటరానితనం ఆమె అనుభవం కాదు, ఆ తేడాను దాచిపెట్టాల్సిన పని లేదు. కానీ గడీకి ఎట్టి చేసే కులాల వరుసలో ఆమెది కూడా ఒక కులమే. దొర ఇంటి బట్టలు, దొరసాని మైలగుడ్డలు ఉతకాలె. పిలిస్తే పోవాలె. కూలి అడగొద్దు. అలాంటి ఇంటి ఆడమనిషి మల్లంపల్లి భూస్వామి దగ్గర పాలకుర్తిలో నలభై ఎకరాలు కౌలుకు పట్టింది. అందులో కొంత సాగు చేసింది. గడీకి పోయి ఎట్టి చేయమంటే చేయనన్నది. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి కోపం తెప్పించింది ఇదే. ఒక ఆడది మొగోని తీరుగా మాట్లాడుతున్నదని కాదు ఆయన బాధ. చాకలి ఇంట్లో వడ్ల రాశి పడుతున్నదని బాధ. బట్టల మూట మోయాల్సిన తల వడ్ల బస్తాకు లెక్క చెప్పుతున్నదని బాధ.

తర్వాత జరిగింది చాలామందికి తెలిసిందే. కేసులు పెట్టించారు. భూమి తగాదా కోర్టుకెక్కింది, తీర్పు ఐలమ్మ దిక్కు వచ్చింది. పంట ఎత్తుకుపోవడానికి దేశ్‌ముఖ్ గూండాలను పంపితే సంగం కార్యకర్తలు వచ్చి కోత కోసి, కల్లంలో కొట్టి, వడ్లను ఐలమ్మ ఇంటికి చేర్చారు. దాని తర్వాత ఇల్లు తగలబెట్టారు. కన్నబిడ్డ మీద అత్యాచారం చేశారు. అయినా ఆ భూమి మీద హక్కును ఆమె వదులుకోలేదు. 1985 సెప్టెంబరు 10న చనిపోయేదాకా పాలకుర్తిలోనే బతికింది.

విగ్రహంలో మిగిలింది, మిగలనిది

ఇవాళ ఊరూరా ఐలమ్మ విగ్రహాలు ఉన్నాయి. 2024 సెప్టెంబరు 10న ఆమె వర్ధంతి నాడు కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్లు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. పేరుకు ముందు 'వీరనారి' అని చేర్చారు. ఒక చాకలి ఆడమనిషి పేరు మీద విశ్వవిద్యాలయం ఉండటం చిన్న విషయం కాదు. దీన్ని ఎవరో దయతో ఇవ్వలేదు. బహుజన కులాలు కొట్లాడి తెచ్చుకున్న గుర్తింపు ఇది.

కాకపోతే విగ్రహాన్ని ఒకసారి నిదానంగా చూద్దాం. చాలా చోట్ల చేతిలో కర్ర ఉంటుంది, నడుముకు కొంగు బిగించి ఉంటుంది, చూపులో కోపం ఉంటుంది. కర్ర అబద్ధం కాదు. కానీ ఆమె బతుకులో కర్ర పట్టిన రోజులు ఎన్ని, కొడవలి పట్టిన రోజులు ఎన్ని? కౌలు మాట్లాడుకున్న తెలివి, తీర్పు వచ్చేదాకా ఓపిక పట్టిన దినాలు, సంగపోళ్లకు వండిపెట్టిన రాత్రులు, కాలిన ఇంటిని మళ్లీ నిలబెట్టుకున్న చాకిరీ, దెబ్బతిన్న బిడ్డను కడుపులో పెట్టుకుని ఊర్లోనే తలెత్తుకు తిరిగిన గుండె, ఇవన్నీ ఏ విగ్రహంలో చెక్కాలె? 'వీరం' అనే మాట యుద్ధం చేసే కులాల మాట. రాజులకు, సామంతులకు శాసనాలు వేయించుకున్నోళ్ల మాట. శ్రామిక కులాల ఆడమనిషిని గౌరవించాలంటే ఆ మాటనే అరువు తేవాల్సి వస్తున్నదంటే, మన దగ్గర బలానికి సొంత మాట లేకనా? ఉన్న మాటలను చరిత్రకారులు లెక్కలోకి తీసుకోకనా?

జానమ్మ కూడా ఆడదే

మొగోని కఠినత్వమే ఆడదానికి బలం అయితే ఆ బలం నిండుగా ఉన్న ఒక ఆడమనిషి ఇదే చరిత్రలో ఉన్నది. ఆమె విసునూరు దేశ్‌ముఖ్ తల్లి జానమ్మ. కడవెండి గడీలో ఉండి ఊర్లను ఏలింది. ఆమె క్రౌర్యం పోరాట చరిత్ర గ్రంథాల్లోనూ ఉంది, జనం జ్ఞాపకాల్లోనూ ఉంది. వడ్డీలు గుంజడంలో, ఎట్టి చేయించడంలో ఆమె ఏ దొరకూ తీసిపోలేదు. 1946 జులై 4న కడవెండిలో సంగం ఊరేగింపు మీద గడీ గూండాలు కాల్పులు జరిపితే కురుమ యువకుడు దొడ్డి కొమరయ్య చనిపోయాడు. సాయుధ పోరాటానికి నిప్పు అంటుకున్నది ఆ గడీ ముంగటనే.

జానమ్మకు ధైర్యం తక్కువ లేదు. నోరు తక్కువ లేదు. నలుగురు మొగోళ్లను నిలబెట్టి పని చెప్పే సత్తా తక్కువ లేదు. 'మొగోని లెక్క ఉన్నది' అనే మెప్పుకు ఐలమ్మ కంటే ఆమెకే ఎక్కువ అర్హత. మరి ఆ కఠినత్వం ఏ ఆడదాని మెడ మీది కాడి దించింది? బాలింతను కూడా పొలానికి పంపే ఎట్టిని అది ఆపలేదు. దొరసాని వెంట గడీకి వచ్చి బతుకంతా బానిసలుగా మిగిలిన ఆడబాపల తలరాత మార్చలేదు.

ఇక్కడ మనం ఒక విషయం గట్టిగా పట్టుకోవాలె. మన పల్లెల్లో మగతనం అని పేరు పెట్టి మెచ్చుకుంటున్న దాంట్లో ఎక్కువ భాగం దొరతనమే. మీసం, గొంతు, ఆజ్ఞ, ఎదుటోన్ని వంచడం, తాను వంగకపోవడం, ఇవన్నీ దొర లక్షణాలు. ఈ మగతనం మాదిగ మొగోనికి కూడా దక్కలేదు. గడీ ముంగట నుంచి పోతే చెప్పులు విప్పి చేత పట్టుకోవాలె. అరవై ఏండ్ల మనిషిని దొర కొడుకు 'ఒరేయ్' అని పిలిచేది. 'బాంచన్ నీ కాల్మొక్త' అననిదే మాట మొదలుకాదు. కాబట్టి ఆడోళ్లు మొగోళ్లలా కావాలె అన్నప్పుడు ఏ మొగోనిలా అని అడగాలె. జీతగానిలానా, దొరలానా? ఎవ్వరూ జీతగాన్ని మనసులో పెట్టుకుని ఆ మాట అనరు.

తుపాకీ పట్టినోళ్లు

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, దాన్ని తోసేయకూడదు. ఆయుధం పట్టిన ఆడోళ్ల సంగతేంది? సూర్యాపేట దిక్కు కర్విరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం దళంలో పనిచేసింది. ఆమె తల మీద పది వేల రూపాయల బహుమానం పెట్టారు. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచింది. 2022 మార్చిలో చనిపోయేదాకా ఆ గొంతు తగ్గలేదు. 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ పేరే 'నా మాటే తుపాకీ తూటా'. ఆమె బలాన్ని అరువు బలం అనడానికి ఎవరికీ నోరు రాదు.

అయితే ఎవరు ఏ గడప దాటారో చూడాలె. స్వరాజ్యం భూస్వామ్య రెడ్డి కుటుంబంలో పుట్టింది. గడప దాటి బయటకు రావడమే ఆమెకు మొదటి తిరుగుబాటు. తుపాకీ ఆ తిరుగుబాటుకు నిండైన రూపం. మాల మాదిగ ఆడమనిషికి ఆ గడపే లేదు. ఆమె ఏనాడో బయట ఉంది, పొలంలో, గడీ వాకిట్లో, పటేలు పశువుల కొట్టంలో. బయటికి రావడం ఆమెకు విముక్తి కాదు, బతుకుదెరువు. ఆమె తిరుగుబాటు 'రాను' అనడంలో ఉంది. పిలిచినప్పుడు పోకపోవడంలో ఉంది. ఇద్దరిదీ బలమే. ఒకరి బలానికి మరొకరి కొలత పెట్టొద్దనే మా వాదన.

తుపాకీ పట్టినోళ్లకు కూడా ఆ కొలత చివరిదాకా అండగా నిలబడలేదు. 1951 అక్టోబరులో పోరాటం విరమించినంక చాలామంది ఆడ కార్యకర్తలకు దొరికిన జవాబు ఇంటికి పొండి అని. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ ఆడోళ్లు తమ నోటితో చెప్పుకున్నారు. ఐలమ్మ మాట కూడా అందులో ఉంది. అడవిలో దళంతో ఉన్న కమలమ్మ తన పసిబిడ్డను పరాయోళ్ల చేతుల్లో పెట్టాల్సి వచ్చింది. బిడ్డను వదలడం పోరాటదీక్షగా చూడబడింది. ఆ బిడ్డ కోసం ఏడ్వడం ఎక్కడా దీక్షగా చూడబడలేదు. కన్నీళ్లు లేకపోవడమే బలం అనే లెక్క పెడితే నష్టం ఎవరికి జరుగుతుందో ఆమె బతుకే చెప్తుంది. ఆమె రెండూ మోసింది, తుపాకినీ కడుపుకోతనూ. చరిత్ర ఒకదాన్నే రాసుకుంది.

చిట్యాల మండలంలోని గుండ్రాంపల్లిలో 1948లో రజాకార్లు జనాన్ని చంపారు. అట్లాంటి ఊర్లు తెలంగాణలో ఎన్నో. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాలు, నాలుగు వేల మంది అమరులు అని పోరాట నాయకులు లెక్క చెప్పారు. మొగోళ్లు చచ్చినంక, జైలుకు పోయినంక ఆ ఊర్లను బతికించిందెవరు? సెప్టెంబరు 1948 తర్వాత మిలటరీ వాడల మీద పడి దళాల జాడ చెప్పమని హింసించినప్పుడు నోరు విప్పనోళ్లలో ఎంతమంది ఆడోళ్లు? చచ్చినోళ్ల పేర్లు స్తూపానికెక్కుతయి. బతికించినోళ్ల పేర్లు ఎక్కవు.

గట్టిదానివి అనే శిక్ష

అమెరికాలో బానిసగా పుట్టిన నల్లజాతి స్త్రీ సోజర్నర్ ట్రూత్ 1851లో ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో జరిగిన స్త్రీల హక్కుల సభలో మాట్లాడింది. తాను మగవాళ్లతో సమానంగా దున్నానని, కోశానని, వాళ్లంత పని చేయగలనని చెప్పింది. తెల్ల స్త్రీలకు సుకుమారం అనే సంకెల ఉంటే నల్ల స్త్రీకి మొరటుదనం అనే ముద్ర ఉంది. మన దగ్గర జరిగింది కూడా ఇదే. అగ్రకుల స్త్రీకి 'నువ్వు బలహీనురాలివి, ఇంట్ల ఉండు' అన్నారు. దళిత స్త్రీకి 'నువ్వు గట్టిదానివి, ఇంకో మూట ఎత్తు' అన్నారు. ఒకరికి బలం నిషేధం, ఇంకొకరికి అలసట నిషేధం. మగ కఠినత్వం నేర్చుకోండి అనే పిలుపు మొదటామెకు కొత్తగా వినబడొచ్చు. రెండో ఆమెకు అది పాత ఆజ్ఞే.

ఆ ఆజ్ఞ కూలి రేటులో స్పష్టంగా కనబడుతుంది. నాగలి ఆడది ముట్టొద్దన్నారు. నాగలి పట్టినోడే రైతు అన్నారు. దున్నడం బరువు పని కాబట్టి ఎక్కువ కూలి అన్నారు. పొద్దంతా బురదలో నడుము వంచి నాటు వేయడం, ఎండలో కలుపు తీయడం, కట్టలు నెత్తిన మోయడం మాత్రం 'ఆడ పని', తక్కువ కూలి. నడుము పట్టేసిన మనిషిని అడిగి ఎవరు తూకం వేశారు ఈ బరువులు? ఇవాళ దున్నేది ట్రాక్టరు. స్టీరింగు తిప్పడానికి కండలు అక్కర్లేదు. బలం పేరు మీద పెట్టిన తేడాకు ఆ కారణం కూడా పోయింది, తేడా మాత్రం చాలా చోట్ల పోలేదు. సమాన వేతనాల చట్టం వచ్చింది 1976లో. అంటే కొలత ఎప్పుడూ బలానిది కాదు, మొగతనానిది.

భూమి సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి కూతురికి తండ్రి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు వచ్చింది. సంతోషమే. కానీ వారసత్వంగా రావాలంటే ముందు భూమి ఉండాలె గదా. దళితవాడలో కూతురికీ కొడుక్కీ సమానంగా పంచడానికి ఉన్నది కూలే. 2014 ఆగస్టు 15న మొదలైన మూడెకరాల పథకంలో దళిత ఆడోళ్ల పేరు మీదనే పట్టా అన్నారు. ఆ ఆలోచన సరైనదే, అందింది కొద్దిమందికే. ఐలమ్మ పేరు ప్రతి సభలో తలుస్తున్నోళ్లు ఆమె దేనికోసం నిలబడిందో తలవాలె. ఆమె నిలబడింది భూమి కోసం.

బిందె, చీపురు, సాక్ష్యం

నల్లగొండ దాటి చూసినా ఇదే వరుస కనబడుతుంది. దళిత ఉద్యమాన్ని మలుపు తిప్పిన ప్రకాశం జిల్లా కారంచేడు ఘటన 1985 జులైలో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. మాదిగ స్త్రీ మున్నంగి సువార్త తన మీదికొచ్చిన అగ్రకుల యువకులకు ఎదురుగా చేతిలోని బిందె ఎత్తింది. మరునాడు మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. అక్కడి నుంచే దళిత మహాసభ పుట్టింది. ఆ కేసులో సాక్షిగా నిలబడ్డ దుడ్డు అలిసమ్మను చంపేశారు. కేసు సుప్రీంకోర్టు తీర్పు దాకా పోవడానికి 2008 వచ్చింది. సువార్త చేతిలో ఉన్నది నీళ్ల బిందె. అలిసమ్మ చేతిలో అదీ లేదు, తాను చూసింది చెప్పే నోరు తప్ప. ఈ రెండిట్లో మొగోని మొరటుతనం ఎక్కడుంది?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడి చదువుతో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం కూడా అంతే. కూలి ఆడోళ్లు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా దుకాణాల మీదికి పోయారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. వాళ్లు ఎదిరించింది మొట్టమొదట ఇంట్లోని మొగతనాన్నే, తాగొచ్చి కొట్టే మొగతనాన్ని. దాన్నే నేర్చుకుని దాన్ని ఎట్లా ఎదిరిస్తరు?

మన ఇంటి మాట

ఇంత చెప్పినంక మన ఇంటి మాట చెప్పుకోకపోతే అన్యాయం అవుతుంది. మా ఆడోళ్లు పని చేస్తరు, నోరు గలోళ్లు, మొగుడు కొడితే తిరిగి తిడతరు, కాబట్టి దళిత బహుజన ఇండ్లలో పితృస్వామ్యం పల్చగా ఉంటది అనే వాదన 1990ల్లో బలంగా వచ్చింది. కంచ ఐలయ్య 1996 నాటి పుస్తకంలో ఆ దిక్కు వాదించాడు. అగ్రకుల ఇండ్లతో పోల్చినప్పుడు అందులో నిజం ఉంది. కానీ తిరిగి తిట్టగలగడం వేరు, దెబ్బలు తినకుండా బతకడం వేరు. దళిత స్త్రీలు వేరుగా మాట్లాడాల్సిన అవసరం ఉందని 1995లో గోపాల్ గురు రాసింది, అదే ఏడు జాతీయ దళిత మహిళా సమాఖ్య ఏర్పడింది, ఊరికే కాదు. 'మా ఆడోళ్లు గట్టోళ్లు' అనే మాట మొగ కార్యకర్తకు మంచి సాకు. గట్టోళ్లు కాబట్టి సభకు చాప వేస్తరు, వండుతరు, ఊరేగింపులో ముందు నడుస్తరు, లాఠీ దెబ్బలు తింటరు. కమిటీ కూర్చున్నప్పుడు మాత్రం కనబడరు.

సికింద్రాబాదులో పారిశుధ్య పని చేసే కుటుంబంలో 1928లో పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరైంది, మంత్రి అయింది. 1969 తెలంగాణ ఉద్యమంలో ఉంది. ముసలితనంలో మాదిగ దండోరాకు అండగా నిలబడింది. గోగు శ్యామల 2011లో తెచ్చిన ఆమె జీవితకథ పేరు 'నేనే బలాన్ని'. అందులో 'మొగోని లెక్క' అనే ఉపమానం లేదు. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్న బలం కాదు. ఆ పేరులోనే మనకు కావాల్సిన కొలమానం ఉంది.

ఆడోళ్లు మెత్తగా ఉండాలని మేము చెప్పడం లేదు. కర్ర పట్టాల్సినప్పుడు పట్టాల్సిందే, గొంతు లేపాల్సినప్పుడు లేపాల్సిందే. కర్ర పనిముట్టు మాత్రమే, మనిషి విలువకు అది తూకంరాయి కాదు. బలం అంటే కాదనగలగడం, కాదన్నంక వచ్చే దెబ్బను నలుగురితో కలిసి కాచుకోగలగడం, రేపటికి గింజలు దాచగలగడం. బలం ఉన్న మనిషికి అలసిపోయే హక్కు, ఏడ్చే హక్కు, సమాన కూలి, తన పేరు మీద చెక్కెడు భూమి ఉండాలె. ఇవి లేకుండా మెప్పు ఒక్కటే ఇస్తే అది ఎట్టికి కొత్త పేరే.

రేపు చిట్యాలలోనో పాలకుర్తిలోనో ఐలమ్మ జయంతి సభలో ఎవరన్నా మైకు పట్టుకుని "ఆమె ఆడది గాదు, మొగోడు" అంటే, కింద కూర్చున్న ఆడపిల్లలు లేచి ఒక ప్రశ్న అడగాలె. ఆమె ఆడదే. చాకలి ఆడది. ఆ మాట అట్లనే చెప్పడానికి మీకెందుకు నోరు రావడం లేదు?